బోర్డు పుట్టుపూర్వోత్తరములు

జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలను మా తరమునకు చెందిన వృద్ధులు కొందరు నేటికిని "బోర్డు హైస్కూలు" అనియే పిలుచుచుందురు. ఆ పాఠశాలను నడపిన జిల్లా బోర్డు అంతరించి అరువది సంవత్సరములు దాటినది. ద్వారముపై పేరు మారినది. పేరు వ్రాసిన పలకయు ఎన్నియో పర్యాయములు మారినది. ముసలివారి నోట ఆ మాట మాత్రము మారలేదు. చిన్ననాట నేను ఆ పేరునకు నాదైన అర్థమొకటి కల్పించుకొంటిని. మా వీధిబడిలో పంతులుగారు నేలపై ఇసుక పోసి అక్షరములు దిద్దించెడివారు; బోర్డు బడిలోనో, ప్రతి గదియందును మూడుకాళ్ల కొయ్యపై నల్లబోర్డు నిలిచి యుండెడిది, దానికి పిల్లలము బొగ్గును దొండాకు పసరుతో నూరి పూసెడివారము. కావున బోర్డు గల బడి బోర్డు బడి యని నిశ్చయించుకొని, ఆ సిద్ధాంతమును ఒకనాడు మా తండ్రిగారి యెదుట ప్రకటించితిని. ఆయన నవ్వి, "బోర్డంటే బల్ల కాదురా, మనుషులు" అనిరి. చాలకాలము తరువాత నిఘంటువులు తిరుగవేయు వ్యసన మలవడినపుడు గాని, ఆనాడు మే మిరువురమును సరియే యనియు, ఆ మనుష్యులకు ఆ పేరు వచ్చినది బల్లవలననే యనియు నాకు తెలియలేదు.

ఇంగ్లీషుభాష యొక్క ప్రాచీనరూపమున బోర్డు శబ్దమునకు ముఖ్యార్థము కోసి చదును చేసిన కొయ్యపలక. ఆ పలకతో ఏమేమి చేసికొనిరో అవి యెల్ల క్రమముగా ఆ శబ్దమునకు అర్థములైనవి: భోజనము చేయు బల్ల, యుద్ధమున చేబూను డాలు, ఓడ ప్రక్కను కప్పు చెక్క. బేవుల్ఫ్ అను వారి ప్రాచీన వీరకావ్యమున ఇది డాలునకు పర్యాయముగా కనబడును. మనకు ఇందులో వింత గొలుపవలసిన దేమియు లేదు. సంస్కృతమున ఫలకమన్నను అంతియే గదా: పలకయు ఫలకమే, వ్రాయు పట్టెయు ఫలకమే, పాచికలాడు పట్టెయు ఫలకమే, వీరుని చేతి డాలును ఫలకమే. మన కావ్యములలో యోధులు వాలును పలకయు పూని వత్తురు. మన పిల్లలు పలకయు బలపమును పట్టుకొని వత్తురు. వేల క్రోసుల దూరమున, పరస్పర పరిచయము లేని రెండు జాతులు చెట్టును కోసి, చదును చేసి, ఒకే రీతిని ఆలోచించినవి. తెలుగు బల్ల యను మాటయు ఇట్టిదే: కూర్చుండు బల్ల, వ్రాసికొను బల్ల, ఏరు దాటించు బల్లకట్టు, తుదకు జ్వరములు మాటిమాటికి వచ్చి ప్లీహము పెరిగి కడుపున పలకవలె చేతికి తగిలినచో దానికిని బల్ల యనియే పేరు పెట్టిరి. ఈ చివరి యర్థము ఇంగ్లీషువారి కెన్నడును తోచలేదు.

మధ్యయుగమునందలి ఇంగ్లండులో, ఒక ప్రభువు యొక్క చావడిని మనసునకు తెచ్చుకొనుడు. నేటివలె భోజనమునకు వేరుగ ఒక గదియు, అందొక శాశ్వతమైన బల్లయు లేవు. పగలు పంచాయతీలు జరుగుటయు, రాత్రి పరివారము పండుకొనుటయు ఆ చావడియందే. భోజనవేళకు సేవకులు కొయ్యకాళ్లు తెచ్చి నిలిపి, వానిపై పొడవైన పలకలు పరచి, గుడ్డ కప్పి వడ్డించెడివారు. భోజనమైన పిదప పలకలు తీసి గోడ కానించెడివారు. బల్లను కదలింపకుండ నిత్యము చావడియందే నిలిపి యుంచుట ఔదార్యమునకు గుర్తు. 14వ శతాబ్దికి చెందిన చాసరు కవి తన క్యాంటర్‌బరీ కథల యుపోద్ఘాతమున అట్టి భోజనప్రియుడైన భూస్వామి నొకనిని చిత్రించి, అతని యింట బల్ల దినమెల్ల పరచియే యుండెడి దని విశేషముగా చెప్పినాడు. మన పల్లెలలో "వారింట పొయ్యి ఆరదు" అన్న ప్రశంస యెట్టిదో ఇదియు నట్టిదే. పలకలు పరచిననే భోజనము గనుక, పలక యన్నమాటయే భోజనమునకు పేరైనది. డబ్బిచ్చి ఒకరియింట భోజనము చేయువాడు బోర్డరు. విద్యార్థులకు తిండి పెట్టు బడి బోర్డింగు బడి. మన పట్టణములలో బస్సుస్టాండుల చెంత "బోర్డింగ్ అండ్ లాడ్జింగ్" అని పెద్ద యక్షరములతో వ్రాసిన మేడలను చూచి, అందు మొదటి మాట తిండి యనియు రెండవది పడక యనియు విడదీసి తెలిసికొనువారు నూటికి ఎందరుందురో చెప్పలేను. వానిలో పెక్కింటియందు నేడు పడక మాత్రమే దొరకును.

చెంబులు, గిన్నెలు పదిమందికి కనబడునట్లు పేర్చు పలక కప్‌బోర్డు. అది తరువాత తలుపులు పెట్టుకొని పెట్టెయైనది. పలుకుబడిలో నడుమనున్న పకారమును పోగొట్టుకొని, మన యిండ్లలోనికి వచ్చి, కబోర్డు అయినది. స్వీడను దేశమువారు నేటికిని భోజనపు బల్లను బోర్డు అను ఈ మాటతోనే పిలుతురు. డచ్చివారు మరియొక అడుగు ముందునకు వేసి, బల్లమీద పెట్టు పళ్లెమునకే ఈ పేరిచ్చిరి. 17వ శతాబ్ది ఆరంభమున మచిలీపట్టణమునకు వచ్చి వర్తకశాల నెలకొల్పిన డచ్చి వర్తకుడు తన పళ్లెమును అడుగవలసి వచ్చినపుడు నోట పలికిన మాట, ఇంగ్లీషువాడు తన బల్లను గూర్చి పలికిన మాటయొక్క తోబుట్టువు.

ఓడ సంగతి వేరు. పండితులు చెప్పునది యేమనగా, జర్మానిక భాషా కుటుంబమున పలక యను నర్థము గల శబ్దమొకటియు, అంచు లేక ప్రక్క యను నర్థము గల శబ్దమొకటియు మిక్కిలి పోలికతో నుండి, ఇంగ్లీషున కలిసిపోయిన వని. ఈ రెండవ శబ్దమే ఫ్రెంచివారి చేతికి పోయి, అంచు అను నర్థముతో మరల ఇంగ్లీషునకు వచ్చి బార్డరు అయినది. అనగా, పట్టుచీర బార్డరును, రెవిన్యూ బోర్డును దూరపు చుట్టములు. పూర్వము ఉత్తర సముద్రమున తిరిగిన ఓడలకు చుక్కాని వెనుకవైపున గాక కుడిప్రక్కను వ్రేలాడు పెద్ద తెడ్డుగా నుండెడిది. కావున కుడిప్రక్కకు చుక్కాని ప్రక్క యను నర్థమున స్టార్‌బోర్డు అని పేరు; నక్షత్రములకు ఇందు ప్రసక్తి లేదు. ఎడమప్రక్కకు లార్‌బోర్డు అని పేరుండెను. గాలివానలో ఒకడు ఒక చివర నుండి కేక వేయగా వేరొకడు మరియొక చివర వినుటలో ఈ రెండు మాటలును ఒక్కటిగనే వినబడి, కుడికి త్రిప్పవలసిన ఓడను ఎడమకు త్రిప్పు ప్రమాదము గలదని, బ్రిటిషు నౌకాధిపత్య శాఖ 1844లో లార్‌బోర్డును మానిపించి, పోర్టు అను మాటను విధించినది. ఓడ ప్రక్కను దాటి లోనికి ఎక్కుట గనుక, ప్రయాణమునకు ఓడ నెక్కుటయు, శత్రువు ఓడమీదికి కత్తి పట్టుకొని దుముకుటయు బోర్డింగు అనియే పిలువబడెను. నేడు శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికుడు చేతబట్టుకొను బోర్డింగు పాసు ఈ ఓడప్రక్కకు చెందినది. హాస్టలు పిల్లవాని బోర్డింగు భోజనపు బల్లకు చెందినది. మాట యొక్కటే, కొయ్యలు రెండు.

బల్ల పరచినది భోజనమునకే కాదు. లెక్కలు చూచుటకును, జూదమాడుటకును, మంతనములు సాగించుటకును అదియే. జూదరి చేతులు బల్లపై కనబడుచుండిన మోసము లేదని నమ్మకము. అందువలన బల్లకు పైన అను మాట నిష్కాపట్యమునకు పేరైనది. నిజమును బల్లగుద్ది చెప్పు మన మాటయు, లంచమును బల్లక్రింద పుచ్చుకొను నేటి కచేరీ మాటయు దానికి సరిజోడు. ఇక మంతనముల బల్ల చుట్టు కూర్చుండిన మనుష్యులను, బల్లను విడదీయక ఒకే పేరున పిలుచుట 16వ శతాబ్దికి ఇంగ్లీషున స్థిరపడినది. రాజగృహపు ఖర్చులను తనిఖీ చేయు ఉద్యోగులు పచ్చగుడ్డ పరచిన బల్లకడ కూర్చుండెడివారు గనుక ఆ శాఖకు పచ్చగుడ్డ బోర్డు అనియే పేరు! ఇది పరిహాసము కాదు. శతాబ్దముల పాటు రాజపత్రములలో నడచిన యధికారనామము.

రాచరికపు సామాను రాచరికమే యగుట ఐరోపాలో ఒక యాచారము వలె కనబడుచున్నది. గళ్లగుడ్డ పరచి, దానిపై బిళ్లలు జరిపి లెక్క చూచిరి గనుక ఇంగ్లండు కోశాగారమునకు చదరంగపు గళ్లపేరు వచ్చినది. ఇటలీలో ద్రవ్యము మార్చువాడు కూర్చుండిన బల్ల బ్యాంకు అయినది. ఫ్రాన్సులో వ్రాతబల్లపై పరచు ముతకగుడ్డ పేరు ముందు బల్లకు, ఆపై కచేరీకి సంక్రమించి బ్యూరో అయినది. ఈ కడపటి మాట తెలుగునకు రెండు త్రోవలను వచ్చినది: పత్రికాఫీసులో అది బ్యూరో, పడకగదిలో అదియే బీరువా. తూర్పున దీనికి విపరీతగతి గల దొకటి యున్నది. అరబ్బీ, పారసీ భాషలలో దివాను అనగా ముందు సైనికుల పట్టీ, జమాఖర్చు పుస్తకము, పిదప ఆ పుస్తకము లుంచు కచేరీ, పిదప అధికారుల సభ, పిదప ప్రధానమంత్రి, కవుల పద్యసంపుటమునకును అదియే పేరు. తుదకు ఆ సభలో గోడవారగా పరచిన మెత్తలమీదికి ఆ పేరు దిగి, నేడు సామాను దుకాణములో దివాను కొందుమన్నచో మంచము చూపుదురు. బోర్డు కొయ్యనుండి అధికారమునకు ఎక్కినది. దివాను అధికారమునుండి కొయ్యకు దిగినది.

మనకట్టిది లేదా యని ఆలోచింపగా, ఉన్నది. నిత్యము వాడుచునే యున్నాము. అది పీట. సంస్కృతమున పీఠము, తెలుగున పీట; రెండును ఒకటే. పీట వేసి అన్నము పెట్టుదురు. పీటలమీద వధూవరులను కూర్చుండబెట్టుదురు. ఆ పీటయే దీర్ఘస్వరమునకు ఒత్తక్షరమును కూర్చుకొని పీఠమైనపుడు పీఠాధిపతులు, పీఠాధిరోహణములు. ఒక విషయమునకు ప్రాధాన్య మిచ్చినచో దానికి పెద్దపీట వేసినా రందుము. అయితే ఒక్క భేదము గలదు, దానిని నేను చిన్నదిగా నెంచను. ఇంగ్లీషువాని పలక అతని యెదుట నున్నది. మన పలక మన క్రింద నున్నది. యెదుటనున్న పలక చుట్టు పదిమంది చేరుదురు. క్రిందనున్న పీటమీద ఒక్కడే కూర్చుండును. కావుననే వారి బోర్డు సమష్టియొక్క అధికారమునకును, మన పీఠము వ్యక్తియొక్క అధికారమునకును పేర్లైన వని నా యూహ. ఇందుకు మారుగా రచ్చబండను చూపువా రుందురు, అంగీకరింతును. కాని రచ్చబండ రాయి. దానిని ఎత్తుకొని పోవుటకు వీలులేదు. కొయ్యపలకకు ఓడ నెక్కు గుణము గలదు.

ఎక్కినది, వచ్చినది. 1784లో పిట్టు మంత్రి చేయించిన చట్టమున కంపెనీవారి యిండియా వ్యవహారములపై లండనులో బోర్డు ఆఫ్ కంట్రోలు ఏర్పడెను. రెండేండ్లకు, 1786లో, చెన్నపట్టణమున రెవిన్యూ బోర్డు వెలసెను. తెలుగు రైతునకు బోర్డు అను శబ్దముతో గలిగిన మొదటి గట్టి పరిచయము ఈ బోర్డు మూలముననే యని నాకు తోచుచున్నది. 1794లో మచిలీపట్టణము, విశాఖపట్టణములయందలి కంపెనీ ముఖ్యాధికారులను, వారి కౌన్సిళ్లను తొలగించి, జిల్లాలకు కలెక్టరులను నియమించి, వారిని నేరుగా బోర్డు క్రిందికి తెచ్చిరి. అప్పటినుండి శిస్తు తగ్గింపవలె నన్నను, చెరువుగట్టు తెగిన దన్నను, కరణము మిరాసీ తగవైనను, అర్జీ కలెక్టరును దాటి పోవలసినచో పోవునది బోర్డువారికి. మరామతు ఖర్చులును వారి చేతిలోనివే. బోర్డు అనగా బల్ల యని ఆ యర్జీదారునకు తెలియదు. తెలియవలసిన అక్కరయు లేదు. ఆతనికి బోర్డు అనగా కంటికి కనబడక, ఉత్తరములలో మాత్రము పలుకు ఒక దొర. ఇంగ్లీషువాని నోట కొయ్యగా పుట్టి, తిండియై, సభయై, ఎనిమిది వందల యేండ్లకు పైబడిన కాలమున అంచెలంచెలుగా నెక్కిన శబ్దము, మన దేశమున తిన్నగా మేడమీదనే దిగినది.

ఆ బోర్డునకు లొంగని కలెక్టరులు లేకపోలేదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, సర్కారునకును రైతునకును నడుమ ఎవ్వరును ఉండరాదని రైతువారీ పద్ధతిని నడపెను. ఆతడు స్వదేశమునకు వెడలిన పిమ్మట బోర్డువారు ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. వాదము కాగితములపై సంవత్సరముల తరబడి సాగెను. 1820లో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చుటతో బల్ల ఓడిపోయి రైతువారీ గెలిచినది. ఆ జయము రైతున కెంతవరకు జయమైనదో వేరుగా విచారింపవలసిన విషయము.

జమీందారుల గతి యింకను విచిత్రము. 1804వ సంవత్సరపు 5వ రెగ్యులేషను ననుసరించి రెవిన్యూ బోర్డే కోర్టు ఆఫ్ వార్డ్సు కూడ అయినది. జమీందారు బాలుడైనను, అసమర్థుడైనను సంస్థానము బోర్డు పాలనలోనికి వచ్చును. అనగా దివాణము బోర్డు క్రిందికి వచ్చును. దిగివచ్చిన మాట ఎక్కిపోయిన మాటకు దాసోహ మనుట యిదియే. పిఠాపుర సంస్థానము సూర్యారావుగారి బాల్యమున ఇట్లు కోర్టు ఆఫ్ వార్డ్సు చేతిలో నుండెను. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, తెలుగుభాష కంతటికిని ఒక మహానిఘంటువును వ్రాయించుటకు పోషకుడయ్యెను. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరనే వెలసినది. నైజాము రాష్ట్రమునందును 1860ల దశకమున రెవిన్యూ బోర్డు పుట్టెను. దానిని పుట్టించినవాడు దివాను సాలార్‌జంగు. అక్కడ దివానే బోర్డును నెలకొల్పినాడు.

బోర్డువలన తెలుగుభాషకు జరిగిన మేలు చెప్పకపోవుట అన్యాయము. కంపెనీ యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో సెయింటు జార్జి కోట కళాశాల యేర్పడినది; దానిపై పర్యవేక్షణకు బోర్డు ఆఫ్ సూపరింటెండెన్సు. పూర్వము రెవిన్యూ బోర్డు కార్యదర్శిగా పనిచేసిన ఎల్లిసు దొర ఇందు ప్రముఖుడు. ఇదే కళాశాలకు సంబంధించిన క్యాంబెలు దొర 1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు వ్రాసిన పీఠికాభాగముననే, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడాదులతో ఏకకుటుంబ మనియు సోదాహరణముగ నిరూపింపబడెను. కాల్డ్‌వెల్ పండితుని ప్రసిద్ధ గ్రంథము వెలువడినది ఆ తరువాత 40 ఏండ్లకు, 1856లో. ఇట్లు మన భాషయొక్క వంశవృక్షమును మొదట నిలువబెట్టిన పలకలలో ఒకటి బోర్డు. ఆ కళాశాలలోనే తెలుగు చదివిన బ్రౌను దొర పిమ్మట కచేరీలలోని అన్యదేశ్యములకై ప్రత్యేకముగా ఒక మిశ్రభాషా నిఘంటువునే కూర్చవలసి వచ్చినది. తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని చిన్నయసూరి నాలుగు గదులు కట్టి తలుపు వేసెను. బోర్డు ఉకారమును తగిలించుకొని, బోర్డును, బోర్డునకు, బోర్డులు అని విభక్తులన్నియు చెల్లించి, ఆ యింటి వసారాలో కూర్చున్నది.

చెన్నపట్టణపు మేడమీదనుండి ఈ మాటను జిల్లాలకు, తాలూకాలకు, ఊళ్లకు దింపినవి స్థానిక సంస్థల చట్టములు. 1871 నాటి లోకలుఫండు చట్టము తొలిమెట్టు. 1884 చట్టమువలన జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, వాని క్రింద యూనియనులు ఏర్పడినవి. 1920 చట్టము ఎన్నికలను విస్తరింపజేసినది. ఆ తొలిమెట్టునకు ఒక యేడు ముందు, 1870లో, ఇంగ్లండులోనే స్కూలు బోర్డులు పుట్టి, బీదపిల్లలు చదువు బోర్డు స్కూలులు వెలసినవి; అక్కడ 1902లో ఆ బోర్డులు రద్దయినవి, ఇక్కడ నిలిచినవి. గులకరోడ్డు, రోడ్డుప్రక్క చింతచెట్టు, సత్రము, లోకలుఫండు ఆసుపత్రి, బడి, ఇవన్నియు బోర్డువే. ఏటిమీద బల్లకట్టును వేలము పాడించునదియు బోర్డే. బోర్డు అనుగ్రహించిన బల్లకట్టుపై రైతు ఎడ్లబండితో సహా ఏరు దాటునపుడు ఒక కొయ్య మరియొక కొయ్యను మోసినది. జిల్లా బోర్డు ప్రెసిడెంటు పదవికి ఆనాడు జరిగిన పోటీలు, చీలికలు, విందులు చూచినవారు నేటి శాసనసభ యెన్నికలకు ఆశ్చర్యపడరు. తాలూకా బోర్డులు 1934లో పోయినవి. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడుటతో జిల్లా బోర్డులును పోయినవి. పరిషత్తు చక్కని సంస్కృతశబ్దము; చుట్టు కూర్చుండుట యని దాని ధాత్వర్థము. బల్ల లేకయే చుట్టు కూర్చుండవచ్చునని అది చెప్పుచున్నది. అయినను "పరిషత్తు స్కూలు" అని నోరార పిలిచిన ముసలివానిని నేను చూడలేదు.

ఇచటినుండి బోర్డు మనయందు మరింత దిగినది. నల్లబోర్డు, నోటీసు బోర్డు, క్యారమ్ బోర్డు, స్విచ్చిబోర్డు. వీనిని వర్ణింప నక్కరలేదు. బస్సు మెట్టుమీద ఒంటికాలితో వ్రేలాడు యువకుడు ఫుట్‌బోర్డు ప్రయాణము చేయుచున్నాడు. పలకపై నిలిచి ఓడప్రక్కను పట్టుకొన్న పూర్వపు నావికునకు వాడు వారసుడు. గుఱ్ఱపుబండిలో గుఱ్ఱము గిట్టలనుండి ఎగిరిపడు బురద తోలువానిపై పడకుండ అడ్డముపెట్టిన చెక్క డాష్‌బోర్డు. గుఱ్ఱము పోయినది, బురద పోయినది, చెక్కయు పోయినది, పేరు మోటారుకారు లోనికి ప్రాకి, అచటనుండి కలెక్టరుగారి కంప్యూటరు తెరమీద అంకెల పట్టిక యైనది. వాద్యముల మెట్లపట్టీ పేరు టంకణయంత్రమునకు, దానినుండి నేను ఈ వ్యాసమును కొట్టుచున్న కీబోర్డునకు వచ్చినది. ఇందు కొయ్య లవలేశమును లేదు.

వీనిలో తెలుగువాడు స్వయముగా కల్పించిన దొక్కటి యున్నది, దానికి ఇంగ్లీషున సాటి లేదు. ఎక్కువ వడ్డీ ఆశచూపి జనుల సొమ్ము రాబట్టి ఒకనాటి తెల్లవారుజామున మాయమైన చీటీల వ్యాపారిని గూర్చి "బోర్డు తిప్పేశాడు" అందురు. సంస్థ యనగా గుమ్మముపైని పలకయే యనియు, దానిని త్రిప్పినచో లోపల నేమియు నుండదనియు ఇంత క్లుప్తముగా చెప్పిన మాటను మరియొక భాషలో నే నెరుగను.

ఇంత దిగజారినను, మాట తన పాత మేడను పూర్తిగా విడువలేదు. తుంగభద్రకు 1953లో బోర్డు. విద్యుచ్ఛక్తికి 1959 నుండి 1999 వరకు బోర్డు. ఇంటర్మీడియట్ చదువునకు బోర్డు. పొగాకునకు 1976 నుండి గుంటూరు కేంద్రముగా బోర్డు. పొగాకురైతునకు బోర్డు దొరకినది గనుక పసుపురైతు తనకును కావలెననెను. 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీ చేసిరి. వారిలో నూటడెబ్బదికి పైబడినవారు, పసుపునకు బోర్డును, పసుపునకును ఎర్రజొన్నలకును గిట్టుబాటు ధరను కోరి నామినేషను వేసిన రైతులు. అన్ని పేర్లు పట్టుటకు ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 వోటుయంత్రపు పెట్టెలను వరుసగా పేర్చవలసి వచ్చినది. పూర్వము బోర్డునకు భయపడి అర్జీ పెట్టుకొనిన రైతుయొక్క మునిమనుమడు, బోర్డునే తనకిమ్మని అర్జీ పెట్టెను. బ్యాలెటుపై తన పేరునే అర్జీగా వ్రాసెను. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది.

ఇక అన్నిటికిని మూలమైన రెవిన్యూ బోర్డు. చెన్నపట్టణమున చేపాకు నవాబుల భవనములలో చిరకాలము కొలువుండి, ఆంధ్రరాష్ట్ర మేర్పడిన తరువాత మనకు వేరుపడిన ఆ బోర్డును, 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టముచే రద్దు గావించి దాని స్థానమున కమీషనరులను నియమించినది. బల్ల పోయినది, చుట్టు కూర్చున్నవారు లేచిపోయిరి. కాని బోర్డువారు తమ కాలమున జారీచేసిన స్థాయీ ఉత్తరువులను ఎవ్వరును తీసివేయలేదు. ఆంధ్రప్రాంతమున ఏ తహశీలుదారు కార్యాలయమునకైనను పోయి, భూమిలేని పేదవానికి బంజరు పట్టా యిచ్చిన పాత దస్త్రము విప్పి చూడుడు, మొదటి పుటయందే "బి.ఎస్.ఓ. 15 ప్రకారము" అని యుండును. ఆ మూడక్షరములలో మొదటిది బోర్డు.